ఐదు మీటల ఎమిల్ బోదో

మోడెం, సీరియల్ పోర్టు పాఠం చదివిన మిత్రులందరికీ 'బాడ్ రేట్' అనే మాట తెలుసు. అది ఒక మనిషి పేరు నుంచి వచ్చిందని మాత్రం చాలామందికి తెలియదు. ఆయనే ఎమిల్ బోదో.

బోదో 1845 సెప్టెంబరు 11న ఫ్రాన్స్ దేశంలోని మాన్యు అనే పల్లెలో రైతు ఇంట జన్మించారు. ప్రాథమిక పాఠశాలతోనే చదువు ఆగిపోయింది. తండ్రితో పాటు పొలం పనులకు వెళ్లారు. 1869లో టెలిగ్రాఫ్ శాఖలో అప్రెంటిస్ ఆపరేటరుగా చేరారు. యుద్ధకాలంలో కొన్నాళ్లు సైన్యంలో ఉండి, 1872లో పారిస్‌లో మళ్లీ ఉద్యోగంలో చేరారు. డ్యూటీ అయ్యాక మిగిలిన వేళల్లోనే తన యంత్రం పని చూసుకునేవారు. పట్టా లేని చిన్న ఉద్యోగి మాట పైవాళ్లకు వినిపించడం ఎంత కష్టమో మన హాస్టల్ మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు.

మోర్స్ పద్ధతిలో ఒక్కో అక్షరానిది ఒక్కో పొడవు. బోదో ప్రతి అక్షరాన్నీ సమానంగా ఐదు సంకేతాలు చేశారు. ఒక్కో సంకేతానికి రెండే స్థితులు. నేటి బిట్లు అలాంటివే. 1874లో పేటెంట్ తీసుకున్నారు. పియానో మీటల వంటివి ఐదే మీటలు: ఎడమ చేతి రెండు వేళ్లు, కుడి చేతి మూడు వేళ్లు. ఒకే తీగ మీద పలువురు వంతులవారీగా పంపవచ్చు. యంత్రం 'టక్' మన్నాకే తరువాతి అక్షరం నొక్కాలి. 1877లో పారిస్-బోర్డో లైను మీద పరీక్షించారు. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది.

ఐదు సంకేతాలతో 32 కలయికలే వస్తాయి. అక్షరాలు, అంకెలు, గుర్తులు అన్నీ అందులో పట్టవు. కాబట్టి ఒకే కలయికకు రెండు అర్థాలు పెట్టి, ఏ అర్థంలో చదవాలో ముందుగా చెప్పే మార్పిడి సంకేతాలు ఉంచారు. దారిలో ఆ ఒక్కటి చెడితే, పంపినవారు సరిగ్గా నొక్కినా అందుకున్నవారి కాగితంపై అక్షరాలకు బదులు అంకెలు పడతాయి. ల్యాబులో మనవాళ్లను ఏడిపించేదీ ఇలాంటి జబ్బే.

1901లో న్యూజిలాండ్‌కు చెందిన డొనాల్డ్ మరే ఈ కోడ్‌ను టైపురైటరు కీబోర్డుకు తగినట్లు మార్చి, క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ సంకేతాలు చేర్చారు. విండోస్ నేటికీ ప్రతి పంక్తి చివర ఈ రెండూ పెడుతుంది. లినక్స్‌కు లైన్ ఫీడ్ ఒక్కటే చాలు. స్క్రిప్టు అంటే కంప్యూటరుకు వరుసగా రాసిచ్చే ఆదేశాల ఫైలు. విండోస్ పద్ధతిలో సేవ్ చేసిన షెల్ స్క్రిప్టును లినక్స్‌లో నడిపితే, మొదటి పంక్తిలో 'బాష్' పేరు వెనుక కంటికి కనబడని రిటర్న్ ఒకటి అంటుకుని ఉంటుంది. అలాంటి ప్రోగ్రామే లేదని ఎర్రర్ వస్తుంది. పాపం తమ్ముళ్లు రాసిందే రాత్రంతా దిద్దుతూ కూర్చుంటారు. 'డాస్‌టుయునిక్స్' నడిపితే చాలు. లేదా నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎడిట్ మెనూలోని ఈఓఎల్ కన్వర్షన్‌లో యునిక్స్ ఎంచుకుని సేవ్ చేయాలి. అప్పటికీ మొదటి పంక్తి దగ్గరే ఆగితే, ఫైలు తలమీద 'బామ్' అనే మూడు బైట్లు ఉన్నాయేమో చూసి, అది లేని యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి.

ఉద్యోగంలో చేరిన కొద్దికాలం నుంచే బోదోను అనారోగ్యం వెంటాడింది. ఒకసారి నెల రోజుల పాటు పనికి వెళ్లలేకపోయారు. 1903 మార్చి 28న పారిస్ దగ్గర సో పట్టణంలో 57 ఏళ్ల వయసులో మరణించారు. టెలిగ్రాఫ్ వేగాన్ని కొలిచే ప్రమాణానికి ఆయన పేరు పెట్టింది 1926లో.