పేరు చెప్పని దాత: హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మలై)

హజ్ నుంచి తిరిగి వచ్చిన వారిని చూడటానికి మనం వెళ్తాం. వాళ్ళు జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలు, ఒక తస్బీహో జానిమాజో మన చేతిలో పెడతారు. సంతోషంగా తీసుకుంటాం. ఇంతమందికి కానుకలు కొనడానికి ఆ హాజీ ఎన్ని లెక్కలు వేసుకున్నాడో, తన తిండిలో ఎంత తగ్గించుకున్నాడో మనకు తట్టదు. సుమారు పన్నెండు వందల ఏళ్ళ క్రితం ఒక పెద్దమనిషికి ఈ సంగతి తట్టింది. ఆయనే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మలై).

ఆయన హిజ్రీ 118 (క్రీ.శ. 736)లో ఖురాసాన్ ప్రాంతంలోని మర్వ్ నగరంలో పుట్టారు. ఆ నగర శిథిలాలు నేటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉన్నాయి. తండ్రి తురుష్కుడు, తల్లి ఖ్వారజ్మ్ వాసి. హదీసు విద్య కోసం ఇరాక్, హిజాజ్, షామ్, ఈజిప్టు, యమన్ తిరిగారు. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ మాలిక్, సుఫ్యాన్ సౌరీ (రహ్మలై) వంటి మహనీయుల వద్ద నేర్చుకున్నారు. ప్రాపంచిక వ్యామోహాన్ని వదులుకోవడం గురించి ‘కితాబుజ్జుహ్ద్’ అనే గ్రంథం రాశారు. మరోవైపు ఆయన పెద్ద వర్తకులు కూడా. ఈ రెండూ ఎలా పొసగుతాయని హజ్రత్ ఫుజైల్ బిన్ ఇయాజ్ (రహ్మలై) ఒకసారి అడిగారట. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా పరువు నిలుపుకోవడానికి, దైవవిధేయతకు తోడుగా ఉండటానికే వ్యాపారం చేస్తున్నానని ఆయన జవాబిచ్చారు.

హజ్ కాలం వచ్చిందంటే మర్వ్ వాసులు ఆయన ఇంటికి చేరేవారు. మీతో పాటు మేమూ వస్తామనేవారు. సరే, మీ ఖర్చుల డబ్బు తెచ్చివ్వండని ఆయన అడిగేవారు. ఆ డబ్బంతా ఒక పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. వాహనాలు బాడుగకు మాట్లాడి, అందరినీ మర్వ్ నుంచి బగ్దాద్‌కు తీసుకెళ్ళేవారు. దారి పొడవునా మంచి భోజనం, తీపి వంటకాలు పెట్టేవారు. బగ్దాద్ నుంచి మంచి దుస్తులతో మదీనాకు బయలుదేరేవారు. అక్కడికి చేరాక ఒక్కొక్కరినీ పిలిచి, మీ ఇంట్లో వాళ్ళు ఇక్కడి నుంచి ఏం తెమ్మన్నారని అడిగి, చెప్పినవి కొనిచ్చేవారు. హజ్ ముగిశాక మక్కాలోనూ అంతే. మనల్ని ఆపేది ఈ ప్రశ్నే. డబ్బున్నవారు అన్నం పెట్టడం చూస్తూనే ఉంటాం. తోటి యాత్రికుని ఇంట్లో ఒక భార్య, ఒక చిన్నారి ఏదో ఆశించి ఎదురు చూస్తుంటారని గుర్తుంచుకోవడం వేరే సంగతి.

మర్వ్‌కు తిరిగొచ్చాక యాత్రికుల ఇళ్ళ గోడలకు, తలుపులకు మరమ్మతులు చేయించేవారు. మూడు రోజుల తర్వాత అందరికీ విందు ఇచ్చి, బట్టలు పెట్టేవారు. ఆ పైన తాళం వేసిన పెట్టె తెప్పించి, పేరు రాసి ఉన్న ఎవరి సంచి వారికి ఇచ్చేసేవారు. అందులోంచి ఏమీ ఖర్చు కాలేదు. మరి ముందుగా డబ్బు ఎందుకు తీసుకున్నట్టు? మనకు తోచేదేమంటే, ప్రయాణమంతా ఎవరూ తాము ఒకరి దయమీద తింటున్నామనుకోకూడదని. ఆయన చివరి యాత్ర తర్వాతి విందులో ఫాలూదజ్ అనే తీపి వంటకంతోనే ఇరవై అయిదు బల్లలు పరిచారని ఆయన సేవకుడు చెప్పినట్లు చరిత్రకారులు రాశారు.

ఇంకో ఏడాది హజ్ దారిలో జరిగిన సంగతిని ఇబ్నె కసీర్ (రహ్మలై) తన చరిత్ర గ్రంథంలో రాశారు. ఒక ఊరి దగ్గర బిడారంలోని పక్షి ఒకటి చచ్చిపోయింది. దాన్ని పెంటకుప్ప మీద పారేసి బిడారం ముందుకు సాగింది. ఆయన వెనకగా వస్తున్నారు. పక్కనున్న ఇంట్లోంచి ఒక అమ్మాయి వచ్చి, ఆ చచ్చిన పక్షిని తీసి చుట్టుకుని గబగబా లోపలికి వెళ్ళింది. ఆయన ఆగి విచారించారు. తండ్రి ఆస్తిపరుడేననీ, దౌర్జన్యపరులు ఆస్తి లాక్కుని అతన్ని చంపేశారనీ, తానూ తన తమ్ముడూ ఒంటిమీది గుడ్డ తప్ప ఏమీ లేక ఈ కుప్పమీద దొరికినదే తింటున్నామనీ, కొన్నాళ్ళుగా చచ్చినదీ తమకు ధర్మసమ్మతమైపోయిందనీ ఆమె చెప్పింది.

ఆయన సామాన్లు వెనక్కి తిప్పించారు. ఖర్చులు చూసే మనిషి దగ్గర వెయ్యి దీనార్లున్నాయి. మర్వ్‌కు చేరడానికి ఇరవై ఉంచుకుని మిగతావన్నీ ఆమెకు ఇప్పించారు. ఈ ఏడు మన హజ్ కన్నా ఇదే మేలని చెప్పి ఇంటిదారి పట్టారు. దీన్నిబట్టి విధి హజ్ మానుకోవచ్చని ఎవరూ అర్థం తీయకూడదు. ఆయన పదే పదే హజ్ చేసేవారు. కొందరు ఈ కథకు కలలను, అద్భుతాలను కూడా జోడించి చెబుతారు. వాటి అవసరం మనకు కనిపించదు. బిడారంలో అంతమంది ఆ కుప్పను దాటి వెళ్ళారు. వెనక వచ్చిన ఒక్కరు ఆగారు.

సొంత ఊరిని వదిలి పరాయి ఊళ్ళలో పంచుతారేమని ఆయనను తప్పుపట్టినవారూ లేకపోలేదు. అక్కడ హదీసు విద్యలో మునిగి ఉన్న మంచివారు అవసరంలో ఉన్నారనీ, వారిని వదిలేస్తే ఆ విద్యే నష్టపోతుందనీ ఆయన సమాధానం.

సరిహద్దు పట్టణం తర్సూస్‌కు తరచూ వెళ్తూ, దారిలో ఫురాత్ నది ఒడ్డునున్న రఖ్ఖాలో ఒక సత్రంలో దిగేవారు. అక్కడ ఒక యువకుడు వచ్చి ఆయన పనులు చూసిపెట్టేవాడు, హదీసులు వినేవాడు. ఒకసారి అతను కనబడలేదు. ఆయన అప్పుడు తొందరలో ఉండి వెళ్ళిపోయారు గానీ మరచిపోలేదు. తిరుగు దారిలో వాకబు చేస్తే, పదివేల దిర్హముల అప్పుకింద చెరసాలలో ఉన్నాడని తెలిసింది. అప్పిచ్చిన వ్యక్తిని రాత్రివేళ పిలిపించి పదివేలూ తూచి ఇచ్చారు. తాను బతికున్నంతకాలం ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నారు. ఆ రాత్రే ఊరు వదిలారు.

తెల్లవారి విడుదలైన యువకునికి ఆయన తన కోసం అడిగారని తెలిసింది. వెంట పరుగెత్తి, రెండు మూడు మజిలీల దూరంలో కలుసుకున్నాడు. ఎక్కడున్నావని ఆయన అడిగారు. అప్పుకింద చెరలో ఉన్నానన్నాడు. ఎలా బయటపడ్డావన్నారు. ఎవరో వచ్చి తీర్చారట, ఎవరో తెలియదన్నాడు. అల్లాహ్‌ను స్తుతించమని చెప్పి ఊరుకున్నారు.

హిజ్రీ 181 (క్రీ.శ. 797) రమజాన్ నెలలో, సరిహద్దు నుంచి తిరిగి వస్తూ, అదే ఫురాత్ ఒడ్డున హీత్ అనే ఊళ్ళో ఆయన కన్నుమూశారు. అప్పటికి అరవై మూడేళ్ళు. ఆ తర్వాతే అప్పిచ్చిన వ్యక్తి నోరు విప్పాడు. ఆ డబ్బు ఎవరిదో యువకునికి అప్పుడు తెలిసింది.