బిడ్డకు భారతం.. దేశానికి ప్రాణం

1999 నాటి కార్గిల్ యుద్ధంలో నేలకొరిగిన 527 మంది భారత సైనికుల్లో మేజర్ పద్మపాణి ఆచార్య ఒకరు. శత్రు స్థావరాన్ని జయించిన వీరుడిగా ఆయన చరిత్రకెక్కారు. ఇంకా కళ్లు తెరవని బిడ్డ కోసం యుద్ధభూమి నుంచే తపించిన తండ్రిగానూ ఆయన చిరస్మరణీయులు.

సైనిక కుటుంబం

పద్మపాణి 1969 జూన్ 21న జన్మించారు. ఒడిశా మూలాలున్న ఆ కుటుంబం హైదరాబాద్‌లో స్థిరపడింది. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పదవీ విరమణ చేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడైన పద్మపాణి, మద్రాసులోని అధికారుల శిక్షణ అకాడమీలో తర్ఫీదు పొంది రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్‌లో చేరారు. 1996లో వివాహమైంది. 1999 వేసవిలో కార్గిల్ యుద్ధం మొదలయ్యేనాటికి ఆయన భార్య గర్భవతి.

తండ్రికి అప్పగించిన బాధ్యత

ద్రాస్ కొండల నుంచి ఆ జూన్ నెలలో ఆయన తండ్రికి లేఖ రాశారు. ప్రాణనష్టం గురించి కలత చెందవద్దని, అది సైనిక వృత్తిలో భాగమేనని ధైర్యం చెప్పారు. తన భార్యకు రోజుకొక భారత కథ వినిపించాలని, పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బుతుందని కోరారు. తల్లి కడుపులోనే యుద్ధవిద్య విన్న అభిమన్యుడి కథ తెలిసిన తెలుగువారికి ఆ కోరికలోని ఆంతర్యం వివరించనక్కరలేదు.

జూన్ 21న, ముప్పయ్యో పుట్టినరోజున కుటుంబ సభ్యులతో ఫోనులో మాట్లాడారు. గల్ఫ్ వెళ్లిన వారి ఉత్తరం కోసం, ఫోను కోసం ఎదురుచూసిన నిజామాబాద్ జిల్లా ఇళ్లకు ఆ నిరీక్షణ కొత్త కాదు.

తుది పోరు

సరిగ్గా వారానికి, జూన్ 28న, మందుపాతరలు, మరతుపాకుల రక్షణలో ఉన్న శత్రు స్థావరాన్ని పట్టుకునే బాధ్యత ఆయన కంపెనీపై పడింది. ఆదిలోనే ఫిరంగి గుండ్లు ముందు వరుస ప్లటూన్‌పై పడి పలువురు కూలిపోయారు. దాడి ఆగిపోయే పరిస్థితి ఏర్పడింది. మేజర్ వెంటనే రిజర్వు ప్లటూన్‌ను వెంటబెట్టుకుని నిటారు కొండ ఎక్కారు. పాకుతూ బంకర్లను చేరి గ్రెనేడ్లు విసిరారు. తీవ్రంగా గాయపడి కదల్లేని స్థితిలోనూ తనను వదిలి ముందుకు సాగాలని సైనికులను ఆదేశించి, తాను కాల్పులు కొనసాగించారు. స్థావరం భారత సేన వశమైంది. అనంతరం ఆయన తుదిశ్వాస విడిచారు.

ఆ సాహసానికి ప్రభుత్వం మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించింది. యుద్ధకాల శౌర్య పురస్కారాల్లో పరమవీర చక్ర తర్వాతి స్థానం దానిదే. 2003లో విడుదలైన ఎల్ఓసీ కార్గిల్ హిందీ చిత్రంలో ఆయన పాత్రను అక్కినేని నాగార్జున పోషించారు.

తండ్రి మరణించిన కొన్ని నెలలకు ఆడపిల్ల జన్మించింది. తండ్రిని ఒక్కసారైనా చూడని ఆ బిడ్డే పెద్దయ్యాక ఆయన జీవితంపై పుస్తకం వెలువరించారు. కథలు చెప్పమని కోరిన తండ్రి కథను కూతురు లోకానికి చెప్పారు.