గ్రామఫోను వర్తకమున ఫ్రెడ్ గైస్‌బర్గు

పాటను పట్టియుంచు యంత్రములను కల్పించిన ఎడిసన్, బెర్లినర్ల పేర్లను మన విద్యార్థు లెరుగుదురు. ఆ యంత్రముల కొరకు దేశదేశముల పాటలను సమకూర్చి, వాని యమ్మకమునకు దారి చేసినవాని నంతగా నెరుగరు. అందుచే ఫ్రెడ్ గైస్‌బర్గు చరిత్రమును సంగ్రహముగా చెప్ప దలచితిమి.

ఈయన 1873వ సం. జనవరి 1వ తేదిని అమెరికా రాజధాని యగు వాషింగ్టనులో జన్మించెను. చిన్ననాటనే పియానో వాయించుటలో నేర్పు గడించి, కొలంబియా కంపెనీలో పాటకులకు తోడుగా వాయించెను. ఆనాటి ఫోనోగ్రాఫునకు మైనపు గొట్టములు వాడెడివారు. గొట్టములు పెక్కు కావలసినచో పాటకుడు అదే పాటను మరల మరల పాడవలసి వచ్చెడిది. బెర్లినర్ కల్పించిన చదునైన ప్లేటులో నీ చిక్కు లేదు. ఒకసారి పాడినదానికి అచ్చు తీసి వేలకొలది ప్లేట్ల నొత్తవచ్చును. గైస్‌బర్గు బెర్లినర్ కొలువున చేరెను.

1898లో ఈయన లండనునకు పంపబడెను. పాటలను లండనులో పట్టి, ప్లేట్లను జర్మనీలోని హానోవరు కార్ఖానాలో నొత్తెడివారు. అయితే తన భాషలోని పాట లేనిదే యంత్రము నెవ్వడు కొనును? కావున వియన్నా, బుడాపెస్టు మొదలగు నగరములకు సామగ్రిని మోసికొని పోవలసి వచ్చెను.

1902లో మిలాను నగరమున కరూసో యను యువగాయకుని గానము విని, పది పాటలకు నూరు పౌనులిచ్చుట కొప్పుకొనెను. అది మిక్కిలి హెచ్చనియు, పని మానవలసినదనియు లండను కార్యాలయమువారు తంతి నిచ్చిరని యాయన తన జ్ఞాపకములలో వ్రాసికొనెను. పైవారి యాజ్ఞ యొకవంక, తానిచ్చిన మాట యొకవంక. గైస్‌బర్గు మాటనే నిలుపుకొని, ఏప్రిలు 11వ తేదిని హోటలు గదిలో పది పాటలను పట్టెను. ఆ ప్లేట్లు కంపెనీకి ఖర్చునకు ఎన్నో రెట్లు లాభము తెచ్చెను. గ్రామఫోనును ఆటవస్తువుగా నెంచిన పెద్ద గాయకులు సయితము పిమ్మట బాకా ముందు నిలువ సిద్ధపడిరి.

ఆ యేడే సెప్టెంబరులో తూర్పుదేశములకు బయలుదేరెను. ఓడ పేరు కోరమాండల్! మన తీరము పేరే. వర్తకపు పనులకు ఆడిస్, పాటలు పట్టుటలో సహాయమునకు డిల్‌నట్ వెంట వచ్చిరి. కలకత్తాలోని యూరోపియనులకు ఈ దేశపు సంగీతమును గూర్చి యేమియు తెలియదు. చుట్టును నిండియున్న సంగీతమును వా రన్నియేండ్లు వినకుండుట మాకు విచారముగా తోచుచున్నది. గైస్‌బర్గు తానే నాటకశాలలకును కచ్చేరీలకును తిరిగి పాటకుల నెదకెను. సంఘమున చిన్నచూపు చూడబడిన గాయనులే మొదట ముందుకు వచ్చిరి. వారిలో గౌహర్ జాన్ ప్రసిద్ధురాలు. ఈమెయు 1873లోనే, ఆంజెలీనా యను పేర, ఆర్మీనియా వంశస్థుని కుమార్తెగా జన్మించెను. నవంబరులో హోటలు గదిలో బాకాలోనికి పాడి, పాట ముగియగానే తన పేరును ఇంగ్లీషులో చెప్పెను. హానోవరులోని పనివారు ప్లేటు ఎవరిదో గుర్తించుట కిదియే యాధారము.

ఇందొక విశేషము కలదు. ప్లేట్లకు ముఖ్యద్రవ్యము లక్క. అది మన దేశమునుండి యెగుమతియై, మన పాటను ధరించి మరల మన కంగళ్లకు వచ్చి యమ్ముడుపోయెడిది! కలకత్తా సియాల్దాలో కార్ఖానా 1908లో గాని యేర్పడలేదు.

గైస్‌బర్గు అచటినుండి జపాను, చైనా, సయాము, బర్మాలలో పాటలను పట్టి, 1903లో ఇంగ్లండు చేరెను. 1925లో మైక్రోఫోను వచ్చి బాకాను తొలగించినను ఈయన వెనుకబడలేదు. 1932లో 75 ఏండ్ల ఎల్గారు నిర్వహణమున, 16 ఏండ్ల మెనుహిన్ ఫిడేలు వాయింపగా ప్లేట్లు తయారగుటకు ఈయనయే కారకుడు. 1939లో ఉద్యోగమునుండి విరమించి, 1951 సెప్టెంబరు 2వ తేదిని లండనులో మరణించెను.