నిశ్శబ్దం కోసం ఓడెక్కిన పత్రికాధిపతి

ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో లైబ్రరీ అంటే పుస్తకాలుండే చోటు కాదు. చెక్క అడ్డాల మధ్య చిన్న బల్ల, ఒక కుర్చీ, పైన ఒక లైటు. వాటికి నెలనెలా ఫీజు. సివిల్స్ చదవడానికి కర్నూలు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన పిల్లలు అక్కడ నిజంగా కొనుక్కునేది నిశ్శబ్దం. ఇద్దరు ముగ్గురు సర్దుకుని ఉండే అద్దె గదిలో దొరకనిది అదే. ఆ నిశ్శబ్దపు గదులు కొన్ని భూమి కిందే ఉండేవి. 2024 జులై 27న ఒక కోచింగ్ కేంద్రం బేస్‌మెంట్‌లోని లైబ్రరీని వరద నీరు ముంచెత్తి ముగ్గురు అభ్యర్థులు చనిపోయాక ఆ సంగతి దేశానికి తెలిసింది.

చప్పుడు ఎక్కువమందికి చిరాకు. కొద్దిమందికి మాత్రం నొప్పి. పక్కవాళ్లు పట్టించుకోని శబ్దాలు కూడా వాళ్ల చెవికి దెబ్బలా తగులుతాయి. కుర్చీ జరిపిన చప్పుడు, కంచం మీద చెంచా, కుక్కర్ విజిల్ చాలు. వైద్యులు దీన్ని హైపరాక్యూసిస్ అంటారు. అలాంటి అభ్యర్థికి పరీక్ష ఒక్కటే సమస్య కాదు. ఉద్యోగం వచ్చాక ఏమిటి? సోమవారం ప్రజావాణికి కలెక్టరేట్‌లో చేరే జనం, ఆగకుండా మోగే ఫోన్లు, మైకులు. ఇలాంటి ఒంటితో చేయగలిగిన పని ఏదైనా ఉందా?

నూట ముప్పై ఏళ్ల కిందట ఈ ప్రశ్న ఒకాయనకు ఎదురైంది. ఆయనది ఆ కాలంలోని అతి గోలైన వృత్తుల్లో ఒకటి. న్యూయార్క్‌లో దినపత్రిక నడిపేవాడు. ఇవాళ ఆయన పేరు చెబితే గుర్తొచ్చేది బహుమతి. ఆయన జోసెఫ్ పులిట్జర్.

పులిట్జర్ 1847 ఏప్రిల్ 10న హంగేరీలోని మాకో పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి ధాన్యం వ్యాపారి. ఆయన 1858లో చనిపోయాక కుటుంబం చితికిపోయింది. కుర్రాడు సైన్యంలో చేరదామని తిరిగితే చూపు మందమని, ఒంట్లో సత్తువ లేదని యూరప్ సైన్యాలు తిప్పి పంపాయి. అంతర్యుద్ధంలో మనుషులు కావాల్సి వచ్చిన అమెరికా మాత్రం తీసుకుంది. 1864లో సముద్రం దాటి వచ్చి కొన్ని నెలలు అశ్వికదళంలో పనిచేశాడు. యుద్ధం ముగిసేసరికి చేతిలో డబ్బు లేదు, నోట్లో ఇంగ్లిష్ సరిగా లేదు.

1865లో సెయింట్ లూయిస్ చేరాడు. అక్కడ జర్మన్ మాట్లాడేవాళ్లు ఎక్కువ. కంచర గాడిదల్ని మేపాడు, హోటల్లో వడ్డించాడు, కూలి పనులు చేశాడు. కలరా వచ్చిన ఏడాది శవాలను పూడ్చే పని కూడా చేశాడు. ఖాళీ దొరికితే మర్కంటైల్ లైబ్రరీలో కూర్చునేవాడు. ఇంగ్లిష్, న్యాయశాస్త్రం అక్కడే నేర్చుకున్నాడు. అక్కడి చదరంగం బల్ల దగ్గరే వెస్ట్‌లిషె పోస్ట్ అనే జర్మన్ పత్రిక సంపాదకులతో పరిచయం అయిందంటారు. 1868లో ఆ పత్రికలో విలేకరిగా చేరాడు. రాజిందర్ నగర్ రీడింగ్ రూముల్లో కూర్చునే పిల్లలకు జీవితంలోని ఈ భాగం కొత్తగా అనిపించదు.

ఆ తర్వాతంతా పరుగే. 1869లో మిసోరి చట్టసభకు ఎన్నికయ్యాడు. 1878లో వేలంలో 2,500 డాలర్లకు డిస్పాచ్ అనే దివాలా తీసిన పత్రికను కొని, మరో పత్రికతో కలిపి పోస్ట్ డిస్పాచ్‌గా నిలబెట్టాడు. 1883లో 3,46,000 డాలర్ల బేరంతో న్యూయార్క్ వరల్డ్ పత్రికను కొన్నాడు. అప్పుడు దాని సర్క్యులేషన్ సుమారు 15 వేలు. నాలుగేళ్లలో రెండున్నర లక్షలకు చేరింది. స్వేచ్ఛా ప్రతిమకు పీఠం కట్టడానికి డబ్బు చాలకపోతే 1885లో వరల్డ్ పాఠకుల నుంచి లక్ష డాలర్లకు పైగా పోగుచేసింది. ఇచ్చినవాళ్లు లక్షా ఇరవై వేల మంది పైచిలుకు. చాలామంది డాలరు లోపే ఇచ్చారు. ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరూ పత్రికలో అచ్చయింది.

ఈ పత్రిక గొంతు పెద్దది. పెద్ద అక్షరాల శీర్షికలు, బొమ్మలు, నేరవార్తలు, వీధుల్లో పిల్లల అరుపులతో అమ్మకాలు. యజమాని పని తీరూ అలాంటిదే. ఆయన పొద్దున్నించి అర్ధరాత్రి దాకా ఆఫీసులో ఉండి ప్రతి శీర్షికా చూసేవాడు, ప్రతి తప్పుకీ కేకలేసేవాడు.

1887 శరదృతువులో ఒకరోజు సంపాదకీయ పేజీ చేతికి తీసుకుంటే అక్షరాలు కనిపించలేదు. ఆరు వారాలు చీకటి గదిలో ఉండమన్నారు వైద్యులు. చూపు తిరిగి బాగుపడలేదు. దాదాపు పూర్తిగా పోయింది. ఉబ్బసం, నిద్రలేమి, దిగులు తోడయ్యాయి. వీటన్నిటితో పాటు చప్పుడు భరించలేని స్థితి వచ్చింది. చనిపోయిన మనిషికి ఇప్పుడు రోగ నిర్ధారణ చేయలేం. కానీ దగ్గరున్నవాళ్లు రాసిపెట్టిన వివరాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. అగ్గిపుల్ల గీసినా, సాసరు మీద చెంచా తగిలినా, కాగితం నలిగినా ఆయన బాధతో ముడుచుకుపోయేవాడు.

1890 అక్టోబరులో వరల్డ్ సంపాదకత్వం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటన వెలువడింది. ఆ డిసెంబరులోనే న్యూయార్క్ పార్క్ రోలో బంగారు గోపురంతో వరల్డ్ కొత్త భవనం తెరుచుకుంది. అప్పటికి నగరంలో అన్నిటికంటే ఎత్తైన కట్టడం అది. ప్రారంభానికి కట్టించిన మనిషి రాలేదు. తర్వాత కూడా ఆయన అందులో అడుగుపెట్టింది బహు అరుదు. 43 ఏళ్ల వయసులో ఆయన వృత్తి ముగిసిందనే లోకం అనుకుంది.

ముగియలేదు. తర్వాత ఇరవై ఒక్క ఏళ్లు ఆయన వరల్డ్‌ను బయటి నుంచే నడిపాడు. సంపాదకుడి పనిలో న్యూస్‌రూమ్‌లో ఉంటే తప్ప జరగనిది ఏది, ఎక్కడున్నా జరిగేది ఏది అని విడదీసుకున్నాడు. గోలంతా మొదటిదాంట్లో ఉంది. ఎవర్ని నియమించాలి, ఏ వార్త వెంట పడాలి, సంపాదకీయం ఏ వైపు నిలబడాలి, లెక్కలు సరిగ్గా ఉన్నాయా అనేవి రెండోదాంట్లో ఉన్నాయి. మొదటిది మేనేజర్లకు వదిలాడు, రెండోది తన దగ్గర ఉంచుకున్నాడు. ఉత్తరాలు, టెలిగ్రాములతో పని నడిచేది. రహస్యం బయటపడకుండా ఒక సంకేత నిఘంటువు తయారు చేయించాడు. అందులో ఆయన పేరు ఆండీస్.

కళ్ల పని, చెవుల పని చేయడానికి కార్యదర్శులు ఉండేవారు. ఒకరు పత్రికలు చదివి వినిపించాలి, ఒకరు నవలలు, ఒకరు పియానో, ఒకరు జర్మన్ పుస్తకాలు. వాళ్లను ఎంచుకునేటప్పుడు చదువుతో పాటు గొంతు, భోజనం బల్ల దగ్గరి తీరు కూడా చూసేవారు. 1911లో చేరిన అలేన్ ఐర్లండ్ లండన్ టైమ్స్‌లో వచ్చిన ప్రకటన చూసి దరఖాస్తు పెట్టినవాడు. పులిట్జర్ రోజువారీ జీవితం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆయన తర్వాత రాసిన పుస్తకం నుంచి వచ్చిందే.

మిగిలింది నిశ్శబ్దాన్ని కట్టుకోవడం. మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ ఇంటికి రాతి గోడలతో ఒక బురుజు చేర్చాడు. ఇంట్లోవాళ్లు దాన్ని నిశ్శబ్ద గోపురం అనేవారు. న్యూయార్క్‌లోని ఇల్లు 1900లో కాలిపోయాక తూర్పు 73వ వీధిలో కొత్తది కట్టించాడు. చప్పుడు రాకూడదన్నది వాస్తుశిల్పులకు పెట్టిన మొదటి షరతు. గృహప్రవేశం అయ్యాక పడకగదిలోకి నేలమాళిగలో నడిచే పంపు చప్పుడు వినిపించింది. దాంతో వెనకవైపు మరో గది వేరుగా కట్టించాడు. రెండేసి గోడలు, మందపాటి అద్దాల కిటికీలు, వరుసగా తలుపులు. అప్పటికీ తృప్తి కలగలేదు.

ఈ అవస్థకు కారణం ఉండొచ్చని ఇప్పటి వైద్యం చెబుతోంది. చెవులు ఎప్పుడూ మూసుకుని, చప్పుడుకు పూర్తిగా దూరంగా ఉంటే సున్నితత్వం తగ్గకపోగా పెరగవచ్చు. చుట్టూ నిశ్శబ్దం చిక్కబడేకొద్దీ చిన్న చప్పుడు కూడా పెద్దదవుతుంది. అందుకే ఇవాళ మెల్లగా, తక్కువ స్థాయి శబ్దానికి చెవిని అలవాటు చేసే చికిత్స, భయాన్ని తగ్గించే కౌన్సెలింగ్ ఇస్తారు. పులిట్జర్‌కు అవేవీ అందుబాటులో లేవు. ఆయనకు తెలిసింది గోడల మందం పెంచడమే.

చివరికి నేలనే వదిలేశాడు. స్కాట్లండ్‌లోని లీత్‌లో లిబర్టీ అనే ఓడ కట్టించుకుని 1908 నుంచి ఎక్కువ కాలం దాని మీదే గడిపాడు. నడిసముద్రంలో బండ్ల మోత లేదు, కుక్కల అరుపు లేదు, చెప్పకుండా వచ్చే అతిథి లేడు. ఓడ మీద కూడా ఆయన పడక ఉన్న వైపు అడుగుల చప్పుడు వినిపించకూడదు.

ఆ ఓడ మీద ఉండే ఆయన పెద్ద యుద్ధం ఒకటి గెలిచాడు. పనామా కాలువ హక్కుల కొనుగోలులో డబ్బు ఎవరికి చేరిందని 1908లో వరల్డ్ ప్రశ్నించింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మండిపడ్డాడు. కేంద్ర ప్రభుత్వమే పత్రిక మీద పరువు నష్టం నేరం మోపింది. అంధుడు, రోగి అయిన యజమాని జైలుకు వెళ్లాల్సి రావచ్చు. వరల్డ్ వెనక్కి తగ్గలేదు. 1911 జనవరిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా పత్రిక పక్షాన తీర్పిచ్చింది.

ఈ కథలో చెప్పకుండా దాటవేయకూడనివి రెండున్నాయి. ఒకటి, ఆయన తనకు తెచ్చుకున్న నిశ్శబ్దాన్ని ఊరికి ఇవ్వలేదు. 1895 తర్వాత హర్స్ట్ పత్రికతో పోటీలో వరల్డ్ మరీ గొంతు చించుకుంది. 1898 స్పెయిన్ యుద్ధానికి ముందు ఈ రెండు పత్రికలూ రేపిన ఉద్రేకాన్నే ఎల్లో జర్నలిజం అన్నారు. తర్వాత పులిట్జర్ తన పత్రికను ఆ దారి నుంచి మళ్లించాడు గానీ ఆ మచ్చ పోలేదు. రెండు, ఆ నిశ్శబ్దం కోసం ఇతరులు చాలా చెల్లించారు. కార్యదర్శులు ఊపిరి బిగబట్టి తిన్నారు. భార్య కేట్, పిల్లలు ఏడాదిలో చాలా భాగం ఆయనకు దూరంగా ఉన్నారు. దగ్గరున్నప్పుడు ఆయన కోపాన్ని భరించారు. నొప్పి ఆయనది, జాగ్రత్త ఇంటిల్లిపాదిదీ.

1911 అక్టోబరులో లిబర్టీ జార్జియాలోని జెకిల్ దీవికి బయల్దేరింది. దారిలో ఆరోగ్యం చెడి చార్ల్స్‌టన్ రేవులో ఆగింది. 29వ తేదీన జర్మన్ కార్యదర్శి ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ జీవితం చదివి వినిపిస్తున్నాడు. గొంతు తగ్గించమని, ఇంకా మెల్లగా చదవమని పులిట్జర్ జర్మన్‌లో అడిగాడు. ఆయన ఆఖరి మాటలుగా చెప్పుకునేవి అవే. అప్పటికి వయసు 64. ఆయన ఇచ్చిన 20 లక్షల డాలర్లతో కొలంబియాలో జర్నలిజం కళాశాల 1912లో తెరుచుకుంది. బహుమతులు 1917లో మొదలయ్యాయి.

ఓడ కొనగలవాడి కథ ఓల్డ్ రాజిందర్ నగర్ అభ్యర్థికి ఎందుకు? ఆ ఓడ చేసిన పనిలో చాలా భాగం ఇవాళ చవకైంది కాబట్టి. ఆయన టెలిగ్రాములతో, ఆరుగురు కార్యదర్శులతో సాధించినదాన్ని ఒక ల్యాప్‌టాప్, తలుపున్న చిన్న గది, ఫోన్‌కు బదులు ఈమెయిల్ చేసిపెడతాయి. కోవిడ్ కాలంలో ఆఫీసులన్నీ ఇళ్ల నుంచే నడిచి ఆ సంగతిని రుజువు చేశాయి. చవక కానిది ఒకటే, ఆ ఏర్పాటు అడిగే హక్కు. పులిట్జర్ యజమాని, ఎవర్నీ అడగాల్సిన పని లేదు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ వైకల్యాలున్న ఉద్యోగులకు తగిన సర్దుబాట్లు చేయాలని ప్రభుత్వ సంస్థలను ఆదేశించింది. చెవి విషయంలో ఆ చట్టం కొలిచేది ఎంత తక్కువ వినిపిస్తుందన్నదే. వినికిడే నొప్పిగా మారినవారికి ఆ జాబితాలో పేరు లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదంటాయి. అవి వీధికే గానీ ఆఫీసు గదికి కావు.

కాబట్టి ఇలాంటి అభ్యర్థి ఏ ఉద్యోగంలో చప్పుడు ఉండదని వెతికితే జవాబు దొరకదు. ఆ ఉద్యోగంలో చప్పుడుతో ముడిపడని భాగం ఎంత, దాన్ని తనకు అప్పగించే అధికారి ఉంటాడా అని అడగాలి. మొదటి ప్రశ్నకు జవాబు ఉందని పులిట్జర్ చేసి చూపించాడు. రెండోదానికి జవాబు ఇంకా అవతలి మనిషి మంచితనం మీదే ఆధారపడి ఉంది.