లోకమాన్యుడు - గణేశోత్సవము

భాద్రపద శుద్ధ చవితినాడు మట్టి ప్రతిమను పత్రితో పూజించి, కుడుములు నివేదించి, కథ విని అక్షతలు శిరమున ధరించుట ఆంధ్రుల యిండ్లలో తరతరముల ఆచారము. ఈ గృహపూజ వీథిలోనికి వచ్చి జాతీయోత్సవమగుటకు మహారాష్ట్రమే మార్గదర్శి. అందుకు ముఖ్యకారకుడు బాలగంగాధర తిలకు. ఆ మహనీయుని జీవితమును ఈ యుత్సవ సంబంధమున స్మరించుట ఉచితమని తలచుచున్నాము.

తిలకు 1856 జూలై 23న రత్నగిరియందు, సంస్కృతజ్ఞుడగు ఉపాధ్యాయుని యింట జన్మించెను. డెక్కన్ కళాశాలలో గణితమభ్యసించి, 1879లో న్యాయశాస్త్ర పట్టమును పొందియు, ప్రభుత్వోద్యోగమును కోరలేదు. 1880లో చిప్లూంకరుతో గలసి పూనాలో న్యూ ఇంగ్లీషు స్కూలును, మరుసటి యేట మిత్రులతో కేసరి, మరాఠా పత్రికలను నెలకొల్పెను. పాఠశాల బాలురను, పత్రిక చదువరులను చేరదీసెను. కాని అక్షరమెఱుగని కర్షకుడును, కూలివాడును దూరముననే యుండిరి. కాంగ్రెసు సభలు ఏటికొకమారు ఆంగ్లభాషలో జరుగుచుండెను. సామాన్యుని చేరు త్రోవ యేదియని తిలకు వెదకెను.

పేష్వాల కాలమున పూనాలో వైభవముగ జరిగిన గణపతి యుత్సవము, 1818లో వారి ప్రభుత్వ మంతరించిన పిదప ఎక్కువగా గృహములకే పరిమితమయ్యెను. భావుసాహెబు రంగారి ప్రభృతులు తిలకునకు ముందే సార్వజనిక గణపతిని నిలిపిరి. 1893లో తిలకు ఆ ప్రయత్నమును కేసరిలో ప్రశంసించి, 1894లో తాను నివసించు వించూర్కరు వాడాలో ప్రతిమను ప్రతిష్ఠించెను. పది దినములు కీర్తనలు, ఉపన్యాసములు, మేళాలనబడు గాయక బృందముల పాటలు జరిగి, అనంత చతుర్దశినాడు ఊరేగింపుతో నిమజ్జనమయ్యెడిది. మతవిషయములందు చేయిపెట్టుటకు ప్రభుత్వము జంకెను. రాజకీయ సభకు రాని జనము పూజకు వచ్చి దేశవార్తలు వినిరి.

ఈ చరిత్రలో నొక నీడయు గలదు. 1893లో బొంబాయిని కలచిన హిందూ మహమ్మదీయ కలహముల వెనువెంట పెరిగిన యుత్సవమిది. అంతకు పూర్వము హిందువులును మొహర్రములో పాల్గొనుచుండిరి. కొన్ని మేళాలు దానిని విడువుడని పాడెను. జనులను కూర్చుటకు బుట్టినది పొరుగువానిని వెలిచేయుట శోచనీయము. తిలకే 1916లో లక్నోయందు కాంగ్రెసునకును ముస్లింలీగునకును సంధి కుదుర్చుటలో ప్రముఖుడై నిలుచుట మఱవరానిది.

1896లో రాయగఢమున శివాజీ ఉత్సవమును ప్రారంభించెను. మరుసటి యేటి యుత్సవమును గూర్చి కేసరిలో వెలువడిన వ్రాతలు రాజద్రోహమని 18 మాసముల కఠినశిక్ష విధించిరి. 1908లో మరల కేసరి వ్రాతలకే ఆరు సంవత్సరముల ప్రవాసశిక్ష కలిగి, మాండలే చెఱకు బోయెను. అప్పుడు బొంబాయి మిల్లు కూలీలు, శిక్ష యేటికొక దినముగా ఆరు దినములు పని మానిరి. తిలకు వెదకిన సామాన్యుడు ఆనాడు తానై వచ్చి యాయన పక్షమున నిలిచెను.

1920 ఆగస్టు 1న, సహాయ నిరాకరణోద్యమ మారంభమైన దినముననే, తిలకు బొంబాయిలో దివంగతుడయ్యెను. ఆయన దేహమును దహించినది చౌపాటి తీరమున. ఏటేట గణపతి ప్రతిమలు సముద్రము చేరునదియు నచటనే.

నేడు హైదరాబాదునను, బెజవాడయందును వాడవాడల పందిళ్లు వెలయుచున్నవి. చందా లెంత వచ్చినవి, విగ్రహ మెంత యెత్తు అనుటతోనే కార్యకర్తలు తృప్తిపడరాదు. ఆ వాడలోని పేదకు అచట పీట గలదా, పరమతస్థుడైన పొరుగువాడు నిర్భయముగ ఆ త్రోవ నడువగలడా, పది దినములలో ప్రజలకుపయుక్తమగు మాట యొకటైన వినబడినదా యని ప్రతి పందిరియు విచారించుకొనవలెను. లోకమాన్యునకు అదియే తగిన నివాళియని మా విశ్వాసము.