గాలి జాడ పట్టిన ఫుజితా

మాది పొన్నూరు దగ్గర పల్లె. నేను ఇంటర్ చదివే రోజుల్లో, ఒక ఏప్రిల్ సాయంత్రం, కల్లంలో ఆరబోసిన మిరపకాయలు గాలివానకు చెల్లాచెదురైనాయి. అందరూ సుడిగాలి అన్నారు. మా నాయన మాత్రం కాయలు పడిన తీరు చూసి, ఇది తిప్పిన గాలి కాదనీ, పైనుంచి దిగి నాలుగు దిక్కులకూ నెట్టిన గాలి అనీ చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు, నేనూ నవ్వాను. ఆ యేడు నా ఫీజు అప్పు తెచ్చి కట్టాడు.

డిగ్రీలో చేరాక తెత్సుయా ఫుజితా జీవితం చదివాను. ఆయన 1920లో జపాన్‌లో పుట్టాడు. 1945 ఆగస్టు 9న అణుబాంబు పడవలసింది ఆయన పనిచేసే కాలేజీకి దగ్గరి కొకురా మీద. మబ్బూ పొగా కమ్మి ఊరు కనబడక విమానం నాగసాకికి మళ్ళింది. తర్వాత ఆయన అక్కడికి వెళ్ళి, కాలిన గుర్తులను బట్టి బాంబు ఎంత ఎత్తున పేలిందో లెక్కగట్టాడు.

1953లో చికాగో విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1974లో టోర్నడోల నష్టాన్ని విమానంలోంచి చూస్తుంటే, ఒకచోట చెట్లు నడిమి నుంచి బయటికి నక్షత్రంలా పడి ఉన్నాయి. నాగసాకి గుర్తొచ్చింది. మరుసటి యేడు జూన్ 24న న్యూయార్కులో దిగబోతున్న విమానం కూలి 113 మంది పోయారు. మేఘం నుంచి దిగి, నేలను తాకి, చుట్టూ చిమ్మే గాలే కారణమన్నాడు ఫుజితా. దానికి మైక్రోబరస్ట్ అని పేరు పెట్టాడు. విమానానికి మొదట ఎదురుగాలి తగిలి వేగం పెరిగినట్లుంటుంది. వెంటనే గాలి కిందికి నెడుతుంది. ఆపైన వెనుకగాలి తగిలి రెక్కలకు పట్టు తప్పుతుంది. తోటి శాస్త్రజ్ఞులు చాలామంది నమ్మలేదు. ఆయన వాదనతో ఆగలేదు. 1978లోనూ 1982లోనూ డాప్లర్ రాడార్లు పెట్టించి ఆ గాలిని పట్టి చూపించాడు.

1985లో డల్లాస్‌లో మరో విమానం కూలి 137 మంది చనిపోయారు. పరీక్ష కోసం నిజమైన విమానాన్ని ప్రయాణికులతో అలాంటి గాలిలోకి పంపలేం గదా! అందుకని ప్రమాదాల్లో నమోదైన గాలి లెక్కలనే సిమ్యులేటర్లలోకి ఎక్కించారు. హెచ్చరిక పరికరం వేళకు మోగుతుందా, ఉత్తపుణ్యానికి మోగుతుందా, మోగాక పైలటుకు తేరుకునే వ్యవధి ఉందా అన్నవి నేలమీదే తేల్చుకున్నారు. 1988లో అమెరికా ప్రభుత్వం పెద్ద ప్రయాణికుల విమానాలకు ఆ పరికరాలను తప్పనిసరి చేసింది.

ఫుజితా 1998లో కన్నుమూశాడు. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు ఆయన కథ మా నాయనకు చెప్పాను. అంతా విని, కల్లం వైపు చూసి ఊరుకున్నాడు. ఆ రోజు నవ్వినందుకు ఈసారి నాకే సిగ్గేసింది.