ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్

పాలు చక్కగా తోడుకొనవలెనన్న తోడు మంచిదై యుండవలెను. చెడిన మజ్జిగ చుక్క పడినచో కుండెడు పాలును పాడగును. బార్లీ గింజలతో బీరు తయారుచేయు ఐరోపా వాసులకును ఇట్టి తోడు ఒకటి కలదు. అదియే ఈస్టు. ఒక పర్యాయము మిగిలిన ఈస్టును మరుసటి పీపాయిలో వేయుట వారి ఆచారము. అయినను ఒక్కొక్కప్పుడు బీరు చేదెక్కి, దుర్గంధము కొట్టి, పారబోయవలసి వచ్చుచుండెను. ఈ చిక్కును విప్పినవాడు హాన్సెన్.

ఆతడు 1842లో డెన్మార్కు దేశమందలి రీబె పట్టణమున ఒక బీద కుటుంబములో జన్మించెను. యౌవనమున ఇండ్లకు రంగులు వేసి పొట్ట పోసికొనెను; పిదప పిల్లలకు చదువు చెప్పెను. ఇరువది తొమ్మిదేండ్ల వయసున గాని విశ్వవిద్యాలయమున ప్రవేశింపలేకపోయెను. పేడమీద మొలచు శిలీంధ్రములను గూర్చి వ్రాసిన వ్యాసమునకు 1876లో బంగారు పతకము పొందెను. పేడమీది బూజుకు పతకమా యని నవ్వు రావచ్చును గాని, ఆతని కంటికి సూక్ష్మదృష్టి అలవడినది అచ్చటనే.

1879లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ పరిశోధనాలయమున ఒక శాఖకు ఆతడు అధిపతి యయ్యెను. దాని స్థాపకుడు యాకబ్సెన్ 1845లో మ్యూనిక్ నగరమునుండి ఈస్టును తెచ్చుకొనిన వాడు. బండి ఆగిన చోట్లనెల్ల పాత్రపై చన్నీళ్లు పోయుచు, ప్రాణమువలె కాపాడి తెచ్చెను. అట్టివాని బీరే 1883లో చెడసాగెను!

బీరును బాక్టీరియాలు పాడుచేయునని పాశ్చర్ అంతకుముందే చూపియుండెను. హాన్సెన్‌కు ఈస్టుమీదనే అనుమానము కలిగెను. మంచి ఈస్టులో అడవి ఈస్టు కలిసియుండవచ్చును. కాని సూక్ష్మదర్శినిలో రెండును ఇంచుమించు ఒకే తీరున కనబడును. వానిని వేరుచేయుట ఎట్లు?

ఆతడు ఈస్టును నీటిలో మిక్కిలి పలుచన చేసెను. ఒక్కొక్క బుడ్డిలో ఒకటికి మించి కణము పడుట అరుదగునట్లు లెక్క చూచి, మరగించి చల్లార్చిన బార్లీ రసములో వేసి, బాగుగా కుదిపి, కదలనీయక ఉంచెను. కొన్ని దినములకు బుడ్డి గోడపై తెల్లని చుక్కలు కనబడెను. ఒకే చుక్క యున్న బుడ్డిలోని ఈస్టంతయు ఒకే కణపు సంతానము! దానిని చిన్న బుడ్డినుండి పెద్ద బుడ్డికి, అటనుండి ఇంకను పెద్ద పాత్రకు మార్చుచు పెంచెను. ఒక్కుమ్మడిగా పెద్ద పీపాయిలో వేసినచో కొద్దిపాటి ఈస్టు బలము పుంజుకొనక మునుపే ఇతర సూక్ష్మజీవులు రసము నాక్రమించును. కావున ఈ మెట్లన్నియు అవసరమే. ప్రతి పాత్రయు వేడిచే శుద్ధి కావలెను.

యాకబ్సెన్ మొదట నమ్మలేదు. తానంత శ్రమపడి తెచ్చిన ఈస్టులో దోషమున్నదని ఒప్పుకొనుట ఎవరికైనను కష్టమే గదా! 1883 నవంబరులో ఆ శుద్ధమైన ఈస్టుతో బీరు తయారుచేసి చూచిరి. బీరు చెడలేదు. అంతట యాకబ్సెన్ ఆ రహస్యమును దాచుకొనక, అడిగిన ఇతర కర్మాగారములకు సైతము ఈస్టును పంచిపెట్టెను.

హాన్సెన్ 1908లో ఆ ఈస్టుకు కార్ల్స్‌బర్గ్ పేరు పెట్టి, మరుసటి యేట మరణించెను. ఇప్పటి శాస్త్రజ్ఞులు దానిని పాశ్చర్ పేరుతో నున్న జాతిలోనే చేర్చుచున్నారు.